తాళంచెవి ఎవరి నుడిలో ఉంది?

(నాందేడ్ జిల్లా సర్ఖనిలో జరిగిన సరిహద్దు తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వృత్తిరీత్యా న్యాయవాదిని. అల్పసంఖ్యాక భాషల వారి హక్కుల కోసం వ్రాతకోతలు సాగించడం నా పని. అటువంటి నేను ఈ రోజు క్రిప్టో నాణేల సాఫ్ట్‌వేర్‌ను తయారు చేసి పరీక్షించడానికి పనికివచ్చే లినక్స్ యంత్రాన్ని గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు ఆశ్చర్యపోయారు. “బడి గురించి చెప్పండి, తెలుగు మాస్టరు ఉద్యోగాల గురించి చెప్పండి” అన్నారు. వాటిని గురించి ఇదివరకు చెప్పాను, ఇకముందూ చెబుతాను. అయితే ఈ రోజు చెప్పబోయేది కూడా ఆ విషయమేనని ప్రసంగం ముగిసేసరికి మీకే తోస్తుందని నా నమ్మకం.

ముందుగా ఒక పాత సంగతి గుర్తు చేస్తాను. మన కిన్వట్ తాలూకా 1956 అక్టోబరు 31 దాకా హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాదు జిల్లాలోది. మరునాడు, నవంబరు 1న, రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం అమలులోకి వచ్చింది. బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిలు, కిన్వట్ తాలూకా, రాజురా తాలూకా బొంబాయి రాష్ట్రానికి వెళ్ళాయి. అదే చట్టం ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్ళను నాందేడ్ నుంచి తీసి అటు కలిపింది. మన తాతలు ఊరు మారలేదు, ఇల్లు మారలేదు, పొలం మారలేదు. కాగితం మీద గీత మారింది. ఆ కాగితం ఇంగ్లీషులో ఉన్నది. దానిని చదివి అర్థం చేసుకొని అభ్యంతరం చెప్పగలిగినవారు మన ఊళ్ళలో ఎందరుండి ఉంటారు?

చదవలేని కాగితం మన బతుకును ఎలా మార్చగలదో సరిహద్దువాడికి వేరొకరు చెప్పనక్కరలేదు. ఇప్పుడు ఆ కాగితం కంప్యూటరు తెరమీదికి వచ్చింది. నా మాట అక్కడి నుంచి మొదలవుతుంది.

మా ఇంట్లో జరిగినది

మా అక్క కొడుకు మరాఠీ మాధ్యమంలో పదవ తరగతి దాకా చదివి, తరువాత ఇంజనీరింగు పూర్తి చేశాడు. ఇంటి దగ్గరే కూర్చుని దూరపు సంస్థలకు సాఫ్ట్‌వేర్ పని చేసేవాడు. క్రిప్టో నాణేలను దాచుకునే ‘వాలెట్’ అనే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం అతని పని. ఒకనాడు పరాయి దేశపు ఉద్యోగమంటూ ఒక సందేశం వచ్చింది. “మా పరీక్ష ఇది, ఈ మూటను దించుకొని మీ యంత్రంలో నడిపి చూపించండి” అన్నారు. నడిపాడు. తెల్లవారేసరికి అతని స్వంత వాలెట్ ఖాళీ అయింది. పోయినది లక్షా నలభై వేల రూపాయలు. అందులో ఆ యేటి పత్తి సొమ్ము కొంత ఉంది.

ఇలాంటి దొంగ ఉద్యోగ పరీక్షలు ప్రపంచమంతటా జరుగుతున్నాయని, సాఫ్ట్‌వేర్ తయారీదారులనే గురి చేసుకుంటాయని తరువాత తెలుసుకున్నాను. అతణ్ణి నిలదీసి అడిగితే తల వంచుకొని ఒకే మాట అన్నాడు: “మామా, తెరమీద వచ్చినదంత ఇంగ్లీషుల ఉండె. చదువక ముందే సరే అని నొక్కిన.”

ఫిర్యాదు చేయడానికి వెళ్ళాం. మా బావకు చదవను వ్రాయను వచ్చినది తెలుగు ఒక్కటే. ఆయన వాంగ్మూలం తెలుగులో వ్రాసి తీసుకెళితే “ఇది ఇక్కడ చెల్లదు” అన్నారు. ఆ కార్యాలయం పేరు చెప్పను, చెప్పడం వల్ల ప్రయోజనం లేదు. చివరకు నేనే మరాఠీలోకి మార్చి ఇచ్చాను. ఆ రోజు నాకు రెండు తాళాలు కనిపించాయి. ఒకటి మావాడి యంత్రానికి వేయని తాళం. రెండవది మా బావ నోటికి వేసిన తాళం. ఈ రెండింటినీ కలిపి ఆలోచించడమే ఈ ప్రసంగం.

నాణెం కాదు, తాళంచెవి

క్రిప్టో నాణెం అంటే చేతికి తగిలే వస్తువేమీ కాదు. ఎవరి నుంచి ఎవరికి ఎంత బదిలీ అయిందో వ్రాసి ఉంచిన ఒక పెద్ద చిట్టా మాత్రమే ఉంటుంది. ఆ చిట్టా నకళ్ళు ప్రపంచమంతటా వేల యంత్రాలలో ఉంటాయి. బిట్‌కాయిన్ ఆలోచనను 2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే మారుపేరుతో ఎవరో ప్రకటించారు. 2009 జనవరి 3న ఆ చిట్టాలో మొదటి పుట పడింది. మొత్తం నాణేలు 2 కోట్ల 10 లక్షలకు మించరాదన్నది దాని నియమం.

ఈ చిట్టాలో మీ పద్దును కదిలించాలంటే ఒక రహస్య సంఖ్య కావాలి. దానినే నేను తాళంచెవి అంటున్నాను. అది ఎవరి చేతిలో ఉంటే సొమ్ము వారిది. బ్యాంకు మేనేజరు లేడు, తహసీల్దారు లేడు, మరచిపోతే మళ్ళీ ఇచ్చేవాడు లేడు.

మన మహారాష్ట్రలోనే జరిగిన ఉదంతం చూడండి. గెయిన్‌బిట్‌కాయిన్ పేరుతో జరిగిన మోసం కేసులో పుణె పోలీసులు 2018లో దర్యాప్తు చేశారు. స్వాధీనం చేసుకున్న వాలెట్లను తెరవడానికి సాంకేతిక నిపుణుల సాయం తీసుకున్నారు. 2022 మార్చిలో, సాయం చేయవచ్చిన ఆ నిపుణులలో ఇద్దరిని, నిందితుల నాణేలను తమవైపు మళ్ళించుకున్నారన్న ఆరోపణపై అదే పుణె పోలీసులు అరెస్టు చేశారు. ఆరోపణ నిజమా కాదా అన్నది న్యాయస్థానం తేల్చవలసిన విషయం. అయితే పాఠం మాత్రం స్పష్టం. దర్యాప్తు గదిలో కూడా తాళంచెవి ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న.

న్యాయవాదిగా చట్టం మాట కూడా చెప్పాలి. 2018 ఏప్రిల్ 6న రిజర్వు బ్యాంకు ఈ వ్యాపారానికి బ్యాంకు సేవలు ఆపివేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ లాభాలపై 30 శాతం పన్ను విధించారు. ఒకదానిలో వచ్చిన నష్టాన్ని మరొకదాని లాభంలో తీసివేసుకోనివ్వరు. 2022 జులై 1 నుంచి బదిలీల మీద 1 శాతం మూలంలోనే కోత మొదలైంది. 2023 మార్చి నుంచి ఇతరుల క్రిప్టో ఆస్తులను మార్చే, భద్రపరచే వ్యాపారాలు అక్రమ ధన చలామణి నిరోధక చట్టం పరిధిలోకి వచ్చాయి. ఇది మన దేశంలో చట్టబద్ధమైన చెలామణీ నాణెం కాదు. పత్తి సొమ్ము దీనిలో పెట్టమని నేను ఎవరికీ చెప్పను, పెట్టవద్దనే చెబుతాను. కాని ఈ సాఫ్ట్‌వేర్‌ను వ్రాయడం, పరీక్షించడం గౌరవమైన వృత్తి. మన పిల్లలు ఆ పనిలోకి వెళుతున్నారు. వెళ్ళేవారికి గట్టి యంత్రం కావాలి.

లినక్స్ ఎందుకు?

మావాడి పాత యంత్రంలో ఉన్నది ఎవరో దుకాణంలో నకలు ఎక్కించి ఇచ్చిన వ్యవస్థ. దానిలో ఏముందో ఎక్కించినవాడికి తెలియదు, వాడినవాడికి తెలియదు. నకిలీ పత్తి విత్తనం మూట కొన్న రైతు గతి మనకు తెలుసు. మొలిచేదాకా తెలియదు, మొలవకపోతే అడిగే దిక్కుండదు.

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అనే స్వేచ్ఛా వ్యవస్థను ప్రకటించాడు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ మూలాన్ని వ్రాశాడు. రెండూ కలిసి ఎవరైనా చదవగల, మార్చగల, పంచగల వ్యవస్థ అయింది. 1993లో మొదలైన డెబియన్ అందులో ఒక శాఖ, స్వచ్ఛంద కార్యకర్తలు నడిపేది. చదవగలగడం అన్నది ఇక్కడ హక్కు. చట్టప్రతిని పౌరుడు చదవగలగాలని మనం కోరడం లేదా? అదే న్యాయం యంత్రానికి కూడా వర్తిస్తుంది.

తెలుగువారికి ఇందులో స్వంత చరిత్ర ఉంది. 2005లో హైదరాబాదులో మొదలైన ‘స్వేచ్ఛ’ ఉద్యమం డెబియన్ ఆధారంగా తెలుగులో పనిచేసే వ్యవస్థను తయారు చేసింది. బొత్తాముల మీద, పట్టికల మీద తెలుగు మాటలు పెట్టడానికి విద్యార్థులు, ఉపాధ్యాయులు జీతం లేకుండా పనిచేశారు. ఈనాడు డెబియన్‌ను స్థాపించేటప్పుడు మొదటి తెరమీద భాషల జాబితాలో తెలుగు కనిపిస్తుంది. అది ఏ ప్రభుత్వమూ జీవో ఇచ్చి పెట్టించినది కాదు. మనవంటి వారు కూర్చుని అనువదించారు కనుక ఉంది.

గట్టి యంత్రం ఎలా కట్టాం?

నష్టం జరిగిన తరువాత నేనూ మావాడూ మూడు ఆదివారాలు కూర్చుని కొత్త యంత్రాన్ని సిద్ధం చేశాం. అతను చేశాడు, నేను ప్రతి మెట్టు దగ్గరా “ఎందుకు?” అని అడిగాను. సాక్షిని అడ్డుప్రశ్నలు వేసినట్లే. ఆ మెట్లు మీకూ చెబుతాను.

మొదటిది, మూట మీద సీలు చూడడం. డెబియన్‌ను దాని అధికారిక స్థానం నుంచే దించుకున్నాం. దించుకున్న దస్త్రానికి ఒక వేలిముద్ర లెక్కకట్టాం. దస్త్రంలో ఒక్క అక్షరం మారినా ఆ వేలిముద్ర మారిపోతుంది. డెబియన్ వారు ప్రకటించిన వేలిముద్రల పట్టికతో సరిచూశాం. ఆ పట్టిక మీద వారి డిజిటల్ సంతకాన్నీ పరీక్షించాం. వేలిముద్ర ఒక్కటే చాలదు. మూటను మార్చగలిగినవాడు పక్కన ఉన్న పట్టికనూ మార్చగలడు. సంతకమే సాక్ష్యం.

రెండవది, పెట్టెకు తాళం. స్థాపించేటప్పుడే డిస్కు మొత్తాన్ని గుప్తలిపిలో ఉంచే ఏర్పాటు ఎంచుకున్నాం. యంత్రం దొంగ చేతిలో పడినా లోపలిది చదవలేడు. దానికి సంకేతవాక్యం పెట్టేటప్పుడు మావాడు ఒక సామెత పెట్టబోయాడు. వద్దన్నాను. సామెత ఊరందరికీ తెలుసు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఆరేడు మాటలను పాచికలు వేసినట్లు యాదృచ్ఛికంగా ఎంచుకోవాలి. ఆ మాటలు తెలుగువి కావచ్చు, కాని యంత్రం లేచే దశలో తెలుగు లిపి కీబోర్డు అందుబాటులో ఉండదు కనుక రోమను అక్షరాలతో వ్రాశాం.

మూడవది, అనవసరమైన గుమ్మాలు మూయడం. ప్రింటరు సేవలు, దూరం నుంచి ప్రవేశించే సేవలు, వాడనివన్నీ తీసేశాం. ఇల్లు చిన్నదైతే కాపలా సులువు. అగ్నికుడ్యం, అంటే ఫైర్‌వాల్, బయటి నుంచి వచ్చే పిలుపులన్నిటినీ తిరస్కరించేలా అమర్చాం. భద్రతా సవరణలు తమంత తామే దిగేలా చేశాం. ప్రయోగదశలో ఉన్న శాఖను కాక స్థిరశాఖనే ఎంచుకున్నాం.

నాలుగవది, అధికార విభజన. యంత్రానికంతటికీ యజమాని అయిన ‘రూట్’ ఖాతాతో రోజువారీ పని చేయకూడదు. సామాన్య వినియోగదారుగా ఉండి, అవసరమైనప్పుడు మాత్రమే అధికారం అడిగి తీసుకోవాలి. దానిమీద ‘యాప్‌ఆర్మర్’ అనే కాపలా ఉంది. ఏ కార్యక్రమం ఏ దస్త్రాన్ని ముట్టవచ్చో ముందే వ్రాసి ఉంచితే, గీత దాటినదానిని అది ఆపుతుంది. రాజ్యాంగంలో శాసన, కార్యనిర్వాహక, న్యాయ శాఖలు వేరువేరుగా ఉన్నది ఎందుకో మీకు తెలుసు. ఇదీ అంతే.

ఐదవది అన్నిటికంటె ముఖ్యం: అన్నీ ఒకే సొరుగులో పెట్టకపోవడం. మావాడి పాత తప్పు ఇదే. పని, ఉత్తరాలు, సొంత నాణేలు, అపరిచితుడు పంపిన మూట అన్నీ ఒకే యంత్రంలో, ఒకే ఖాతాలో ఉన్నాయి. ఇప్పుడు యంత్రం లోపల మరొక ఊహా యంత్రాన్ని కట్టాడు. తెలియని మూటలను అక్కడే విప్పుతాడు, పని అయ్యాక ఆ ఊహా యంత్రాన్నే చెరిపివేస్తాడు. నిజమైన సొమ్ముకు సంబంధించిన తాళంచెవి ఏదీ ఈ యంత్రంలో అడుగు పెట్టదు. ఇది రాతలో పెట్టి గోడకు అంటించిన నియమం.

తయారీ, పరీక్ష

సాఫ్ట్‌వేర్‌ను తయారు చేయడమంటే మనిషి చదవగల మూలపాఠాన్ని యంత్రం నడపగల రూపంలోకి మార్చడం. ఇక్కడ నేను అడిగిన ప్రశ్న: “పాఠం మంచిదే. కాని మార్చిన రూపం ఆ పాఠానిదేనని ఎలా నమ్మడం?” నేను తర్జుమా పత్రాలు చూసి చూసి ఉన్నవాణ్ణి. మూలంలో లేని మాట తర్జుమాలో చేరితే ఎన్ని ఎకరాలు పోతాయో ఎరుగుదును.

దానికి ఒక ఉపాయం ఉంది. వేరువేరు ఊళ్ళలో ఉన్నవారు అదే మూలపాఠాన్ని అదే పద్ధతిలో మార్చితే ప్రతి ఒక్కరికీ చివరి అక్షరం దాకా ఒకే ఫలితం రావాలి. రాకపోతే ఎక్కడో కల్తీ జరిగినట్లు. బిట్‌కాయిన్ కోర్ అనే మూల సాఫ్ట్‌వేర్‌కు 2021లో వచ్చిన 22.0 సంచిక నుంచి ‘గీక్స్’ అనే పనిముట్టుతో ఇలా చేస్తున్నారు. పలువురు తయారు చేసి, ఫలితం ఒకటేనని ఎవరి సంతకం వారు పెడతారు. పంచనామా మీద ఒక్క సాక్షి కాక పదిమంది సాక్షులు సంతకం చేసినట్లు.

అయినా నమ్మకం గుడ్డిది కారాదు. 2018లో ఈవెంట్‌స్ట్రీమ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ భాగం నిర్వహణను ఒక అపరిచితుడు సాయం చేస్తానని తీసుకొని, కోపే అనే వాలెట్‌లోని నాణేలను దొంగిలించే కోడ్‌ను దానిలో చేర్చాడు. 2024 మార్చిలో ఇంకా పెద్దది బయటపడింది. దాదాపు లినక్స్ వ్యవస్థలన్నిటిలో వాడే ఎక్స్‌జెడ్ అనే భాగంలోకి, రెండేళ్ళకు పైగా మంచివాడిగా నటించిన ఒక మారుపేరువాడు దొంగ గుమ్మం పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన డెబియన్ యంత్రంలో దూరప్రవేశం అరసెకను ఆలస్యం కావడం గమనించి, ఎందుకా అని తవ్వి పట్టుకున్నాడు. అప్పటికి అది ప్రయోగశాఖలలోకే చేరింది, డెబియన్ స్థిరశాఖలోకి రాలేదు. మూలపాఠం అందరికీ తెరిచి ఉన్నది కనుక పట్టుబడింది. ఒకడు ఓపికగా చూశాడు కనుక పట్టుబడింది. రెండూ కావాలి. అందుకే మావాడు తాను వాడే ప్రతి భాగానికీ సంచిక సంఖ్యను, వేలిముద్రను స్థిరపరచి ఉంచుకుంటాడు. తయారీ జరిగే వేళ ఆ ఊహా యంత్రానికి అంతర్జాల సంబంధం తెంచివేస్తాడు.

ఇక పరీక్ష. నిజమైన నాణేలతో పరీక్ష చేయనక్కరలేదు. బిట్‌కాయిన్ కోర్‌లో ‘రెగ్‌టెస్ట్’ అనే ఏర్పాటు ఉంది. అది మన యంత్రంలోనే ఉండే సొంత చిట్టా. అసలు చిట్టాలో సగటున పది నిమిషాలకు ఒక పుట చేరుతుంది. ఇక్కడ మనం ఎప్పుడు కావాలంటే అప్పుడు. మొదటి పుటకు 50 ఉత్తుత్తి నాణేలు వస్తాయి, వాటిని ఖర్చు పెట్టాలంటే మీద మరో 100 పుటలు పడాలి. అందుచేత పిల్లలు 101 పుటలు పుట్టించి పని మొదలుపెడతారు. పంపడం, పోగొట్టుకోవడం, తిరిగి రాబట్టడం అన్నీ చేయవచ్చు. చిన్నప్పుడు మనం చింతగింజలతో లెక్కలు నేర్చుకోలేదా? ఇవి ఈ కాలపు చింతగింజలు.

బీజపదాలలో తెలుగు లేదు

ఇప్పుడు మన అసలు విషయానికి వస్తాను. తాళంచెవి చాలా పెద్ద సంఖ్య. దానిని మనిషి వ్రాసి పెట్టుకోవడానికి వీలుగా 12 లేక 24 మామూలు మాటలుగా మార్చుతారు. వీటిని బీజపదాలు అందాం. యంత్రం పాడైనా, ఈ మాటలు అదే వరుసలో ఉంటే సొమ్ము తిరిగి వస్తుంది. ఈ మాటలను 2048 మాటల స్థిరమైన పట్టిక నుంచి తీస్తారు. బిప్ 39 అనే ప్రమాణంలో ఆ పట్టికలు ఇంగ్లీషు, జపనీస్, కొరియన్, స్పానిష్, రెండు రకాల చైనా లిపులు, ఫ్రెంచి, ఇటాలియన్, చెక్, పోర్చుగీసులలో ఉన్నాయి. హిందీ లేదు, మరాఠీ లేదు, తెలుగు లేదు. చెక్ భాష మాట్లాడేవారు సుమారు కోటి మంది. 2011 జనగణన ప్రకారం ఒక్క మన దేశంలోనే తెలుగు మాతృభాష అయినవారు 8 కోట్ల 11 లక్షలు.

మా అక్క ఇంగ్లీషు చదవలేదు. ఆ పన్నెండు మాటలు ఆమెకు పన్నెండు బొమ్మలు. రేపు కొడుకుకు ఏదైనా అయితే, ఆ చీటీని ఆమె మరొకరికి చూపించక తప్పదు. చూపించిన క్షణంలో తాళం పోయినట్టే. అమ్మనుడి లేకపోవడం అంటే ఇక్కడ అవమానం మాత్రమే కాదు, ఆస్తి నష్టం.

అయితే ఆవేశంతో రేపే తెలుగు పట్టిక వాడదామని నేను అనను. ఇంగ్లీషు కాని పట్టికలను వాడవద్దనే ఆ ప్రమాణం గట్టిగా సలహా ఇస్తున్నది, ఎందుకంటే చాలా వాలెట్లు ఇంగ్లీషునే గుర్తిస్తాయి. మనమే ఒక పట్టిక పెట్టుకొని అసలు సొమ్ము దాస్తే రేపు తెరిచే సాఫ్ట్‌వేర్ ఉండకపోవచ్చు. ఇంకా లోతైన చిక్కులున్నాయి. ‘పైరు’ అన్న మాట తీసుకోండి. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా నిల్వ చేయవచ్చు, ఎత్వం కింద ఐత్వపు గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ నిల్వ చేయవచ్చు. కంటికి రెండూ ఒకటే. యంత్రానికి వేరు. రెండింటినీ ఒకే రూపానికి తెచ్చే మెట్టును ప్రమాణం విధించింది కాని, సాఫ్ట్‌వేర్ వ్రాసినవాడు ఆ మెట్టు మరచిపోతే ‘పైరు’ మరో తాళాన్ని తెరుస్తుంది. పొల్లు తరువాత కంటికి కనిపించని విడదీత గుర్తు ఒకటి ఉంటుంది, అది చేరినా అంతే.

దానికి తోడు మాటల ఎంపిక. గుంటూరులో ఉల్లిపాయ, మనకు ఉల్లిగడ్డ. ఒకరు చెఱువు అని వ్రాస్తారు, మరొకరు చెరువు అంటారు. ఎక్కడి తెలుగువాడు వ్రాసినా ఒకే వర్ణక్రమంతో వ్రాసే 2048 మాటలు కావాలి. ఒకదానితో ఒకటి పొరబడకూడదు. మొదటి నాలుగు అక్షరాలతోనే ఏ మాటో తెలియాలన్న నియమాన్ని మన గుణింతాలకు, ఒత్తులకు ఎలా అన్వయించాలో తేల్చాలి. ఈ పనిని సాఫ్ట్‌వేర్ మనిషి ఒక్కడూ చేయలేడు, పండితుడు ఒక్కడూ చేయలేడు. సరిహద్దు తెలుగు ఎరిగినవారు లేకుండా చేస్తే మన మాటలు మళ్ళీ గీతకు అవతలే మిగిలిపోతాయి.

ఇటువంటి పట్టికను ఎక్కడ పరీక్షించాలి? ఇంతసేపూ నేను వర్ణించిన గట్టి యంత్రంలోనే. ఉత్తుత్తి నాణేల మీద, అంతర్జాలం తెంచిన గదిలో, ఒక్క రూపాయి పోకుండా, వెయ్యిసార్లు తప్పు చేసి సరిదిద్దుకోవచ్చు. మావాడు ఇప్పటికి మూడువందల మాటలు చేర్చి పరీక్షిస్తున్నాడు. తప్పు దొరికినప్పుడల్లా నాకు ఫోను చేసి “మామా, ఇంకోటి పట్టిన” అంటాడు. పోయిన సొమ్ము రాలేదు. కాని ఆ గొంతులో భయం పోయింది.

చట్టం ఏమి ఇస్తున్నది?

2023 ఆగస్టులో ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఒక మాట చెప్పింది. మీ సమాచారం తీసుకొనే సంస్థ ఇచ్చే నోటీసును, సమ్మతి అభ్యర్థనను ఇంగ్లీషులో గాని, ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకునే వీలు కల్పించాలి. ఆ షెడ్యూలులో 22 భాషలున్నాయి, తెలుగు వాటిలో ఒకటి. తెలంగాణలోనో ఆంధ్రలోనో ఉన్నవారికే అని అందులో లేదు. సర్ఖనిలో ఉన్న తెలుగువాడికీ ఆ హక్కు ఉంది. 2025 నవంబరులో దీని నియమాలు వెలువడ్డాయి. సంస్థలు సిద్ధం కావడానికి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. ఆ గడువును మనమూ సిద్ధం కావడానికి వాడుకోవాలి.

రాజ్యాంగపు 350వ అధికరణం ప్రకారం, ఇబ్బందిని విన్నవించుకోవడానికి కేంద్రంలోగాని, ఆ రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా వినతిపత్రం ఇవ్వవచ్చు. 1956లో చేర్చిన 350-ఎ ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించే ప్రయత్నం చేయాలని ప్రతి రాష్ట్రాన్నీ ఆదేశిస్తున్నది. 29వ అధికరణం తన భాషను కాపాడుకునే హక్కును ఇచ్చింది. కాపాడుకోవడమంటే పెట్టెలో దాచడం కాదు, కొత్త పనులకు వాడడం. ఇక మోసం జరిగితే ఆలస్యం చేయక 1930 నంబరుకు వెంటనే ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే సొమ్మును ఆపే అవకాశం అంత ఎక్కువ.

నా మనవి

తల్లిదండ్రులకు నేను కోరేవి మూడే. పిల్లవాడు నకలు వ్యవస్థ ఉన్న యంత్రం కొనబోతే ఆపండి. పాత యంత్రమైనా ఫరవాలేదు, దానిమీద తెలుగు తెర ఉన్న లినక్స్ ఎక్కించమనండి. పనికి వాడే యంత్రాన్ని, సొమ్ము ఉన్న యంత్రాన్ని వేరుగా ఉంచమనండి. మూడవది, చదవకుండా ‘సరే’ నొక్కవద్దని చెప్పండి. అర్థం కాకపోతే మీరే పక్కన కూర్చుని “ఎందుకు?” అని అడగండి. అడగడానికి ఇంగ్లీషు రానక్కరలేదు.

విద్యార్థులకు ఒకటే మాట. ఈ రోజు ఇంటికి వెళ్ళి మీ అమ్మమ్మను, నాయనమ్మను కూర్చోబెట్టి ఇంట్లో, చేనులో వాడే వంద మాటలు వ్రాసుకు రండి. ఎవరు వ్రాసినా ఒకేలా వ్రాసే మాటలు. పార, గంప, వేప, మబ్బు వంటివి. వచ్చే సమావేశంలో వాటిని కలిపి చూద్దాం. మావాడు తన యంత్రంతో వస్తానన్నాడు.

1956లో మన తాతల చేతిలో పెట్టిన కాగితం వారి నుడిలో లేదు. వారు దానిని చదవలేకపోయారు. రేపు మన మనుమల చేతిలో ఉండే తాళంచెవి అయినా వారు చదవగలిగిన నుడిలో ఉండాలి. దానికి కావలసినవి రెండువేల నలభై ఎనిమిది మాటలు. అన్ని మాటలు మన దగ్గర లేవా?